గడప దాటితే... మంచు ఊళ్ళకు ఓడ ప్రయాణం

మే నెల మిట్టమధ్యాహ్నం దేవరకొండ ఎలా ఉంటుందో తెలిసిన వాళ్ళకు చెప్పనక్కర్లేదు. కోటగుట్ట బండలు పొద్దంతా కాగి, రాత్రి పది దాటినా ఆ సెగను ఊరి మీదికి వదులుతూనే ఉంటాయి. అలాంటి వేళ, ఆవకాయ ముక్కలకు కారం పట్టిస్తూ చెయ్యంతా ఎర్రగా ఉన్నప్పుడు, అమెరికా నుంచి అమ్మాయి ఫోన్ చేసి "అమ్మా, ఈసారి మీరొచ్చినప్పుడు మంచు కొండలు చూడనీకి ఓడల పోదాం" అంటే ఎలా ఉంటుంది? నాకైతే నవ్వొచ్చింది. "ఓడలు మనకెందుకు బిడ్డా! సాగర్‌ల లాంచీ ఎక్కితేనే మీ నాయిన కడ్డీ పట్టుకొని కండ్లు మూసుకున్నడు" అన్నాను.

ఈ మధ్య నాకు వచ్చే ఉత్తరాల్లో ఇదే మాట మళ్ళీ మళ్ళీ కనిపిస్తోంది. "పిల్లలు అలాస్కా ఓడ ఎక్కిస్తామంటున్నారు. వెళ్ళాలని మనసులో ఉంది. చలికి తట్టుకుంటామా? తిండి సంగతేమిటి? ఖర్చెంత?" అని. ఒక సోదరి అయితే "మేము వెళ్ళేది మనవరాలిని చూసుకోవడానికి కదా, ఈ వయసులో షికార్లేమిటని నలుగురూ నవ్వరూ?" అని రాశారు. నవ్వేవాళ్ళు నవ్వుతారు లెండి. నేను వెళ్ళొచ్చాను. మొదటిసారి వెళ్ళలేక రేవులోనే ఆగిపోయాను, రెండోసారి వెళ్ళాను. రెండూ చెబుతాను. మొదటిదే మీకు ఎక్కువ పనికొస్తుంది.

ఎక్కడుంది ఈ అలాస్కా?

పటంలో అమెరికాను చూడండి. పైన కెనడా, దానికి పడమటి వైపు వాయవ్య మూలన విడిగా అతికించినట్లుండే పెద్ద ముక్కే అలాస్కా. 1867లో రష్యా దగ్గర 72 లక్షల డాలర్లకు అమెరికా కొనుక్కుంది. ఎకరాకు రెండు సెంట్లు పడిందన్నమాట! 1959లో అది 49వ రాష్ట్రమైంది. దాని దక్షిణపు తోకలో సముద్రం కొండల మధ్యకు పాయలు పాయలుగా చొచ్చుకొచ్చి ఉంటుంది. ఆ పాయల ఒడ్డున కెచికాన్, జూనో, స్కాగ్వే అనే చిన్న చిన్న ఊళ్ళున్నాయి. జూనో రాష్ట్ర రాజధాని. అయినా బయటి ఊళ్ళ నుంచి అక్కడికి రోడ్డే లేదు! వెళితే నీటి మీద వెళ్ళాలి, లేదా గాలిలో వెళ్ళాలి. అందుకే అక్కడ ఓడ ప్రయాణానికి అంత పేరు.

ఏప్రిల్ చివర మొదలై అక్టోబరు దాకా సియాటిల్, వాంకోవర్ రేవుల నుంచి ఓడలు బయలుదేరుతాయి. మామూలుగా ఏడు రాత్రుల ప్రయాణం. రాత్రంతా ఓడ నడుస్తుంది, పొద్దున లేచేసరికి కొత్త ఊరు. పగలు దిగి తిరిగి, సాయంత్రానికి మళ్ళీ ఎక్కాలి. పెట్టె ఒక్కసారే విప్పుతాం, ఒక్కసారే సర్దుతాం. పెట్టెలు మోయలేని మన వయసు వాళ్ళకు ఇంతకంటే సుఖమైన ప్రయాణం ఇంకోటి లేదు.

రేవులో ఆగిపోయిన రోజు

2022 వేసవిలో మనవరాలికి మూడేళ్ళప్పుడు సియాటిల్‌లో ఉన్న అమ్మాయి దగ్గరికి వెళ్ళాం. అల్లుడు ముచ్చటపడి అందరికీ టికెట్లు తీశాడు. నేనేమీ అడగలేదు. 'పిల్లలు చదువుకున్నవాళ్ళు, వాళ్ళే చూసుకుంటారులే' అనుకున్నాను. స్వెట్టర్లు కొన్నాను, మనవరాలికి టోపీ అల్లాను. నాకు తెలిసిన సంసిద్ధత అదే!

రేవులో వరుసలో నిలబడ్డాం. బల్ల దగ్గరున్న అమ్మాయి అందరి పాస్‌పోర్టులూ తిరగేసి, మా ఇద్దరివీ పక్కన పెట్టి, "కెనడా వీసా ఏది?" అని అడిగింది. మేము వెళ్ళేది అలాస్కాకు, కెనడా ఎందుకు? అప్పుడు తెలిసింది, చివరి రోజు సాయంత్రం ఓడ కెనడాలోని విక్టోరియా రేవులో కొన్ని గంటలు ఆగుతుందట. మేము దిగకుండా ఓడలోనే కూర్చున్నా సరే, భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్ళకు వీసా ఉండాల్సిందేనట. అమ్మాయికీ అల్లుడికీ గ్రీన్‌కార్డు ఉంది కనుక వాళ్ళకు అక్కర్లేదు. మనవరాలు అక్కడే పుట్టింది. తమకు అక్కర్లేనిది మాకు కావాలని వాళ్ళకు తట్టలేదు. టికెట్లు తీసిపెట్టిన ఏజెంటూ చెప్పలేదు.

ఇంతకీ ఆ ఓడ కెనడాలో ఎందుకు ఆగాలి? 1886 నాటి అమెరికా చట్టం ఒకటుంది. విదేశాల్లో రిజిస్టరైన ఓడ అమెరికా రేవులో జనాన్ని ఎక్కించుకుని, మధ్యలో ఏ విదేశీ రేవూ తాకకుండా తిరిగి అమెరికా రేవులో దించకూడదు. ఈ పెద్ద విహార నౌకలన్నీ దాదాపుగా బహమాస్, పనామా లాంటి దేశాల జెండాతో తిరిగేవే. అందుకని సియాటిల్ నుంచి బయలుదేరే ఓడ కెనడా గడప ఒకసారి తొక్కి రావాల్సిందే. వాంకోవర్ నుంచి ఎక్కితే సరేసరి, ఆ ఊరే కెనడాలో ఉంది.

అమ్మాయి ఏడ్చింది. "మేమూ పోం" అంది. మనవరాలేమో ఓడను చూసి గంతులు వేస్తోంది. "పిల్ల మొఖం చూడు. మీరు పోండ్రి, మాకేం, ఇల్లు చూసుకుంటం" అని నేనే బలవంతంగా పంపించాను. మా సారు (మా ఇంటాయన బడిపంతులుగా రిటైరయ్యారు, ఊరంతా పిలిచినట్లే నేనూ సారనే అంటాను) ఒక్క మాట మాట్లాడలేదు. ఒడ్డున పార్కులో బల్ల మీద కూర్చుని ఓడ కదిలి వెళ్ళడం చూశాం. పది పన్నెండు అంతస్తుల తెల్లటి మేడ ఒకటి చప్పుడు లేకుండా జరిగిపోతున్నట్లుంది. మా రెండు టికెట్ల డబ్బూ తిరిగి రాలేదు. కాగితాలు సరిగ్గా లేకపోవడం ప్రయాణీకుల తప్పే అవుతుంది మరి.

ఆ వారం రోజులూ ఖాళీ ఇంట్లో నాకు డబ్బు గుర్తుకురాలేదు. నా పెట్టెలో ఉన్న నా పాస్‌పోర్టును నేను ఒక్కసారైనా విప్పి చదవలేదే, ఎక్కడికి వెళుతున్నాను, ఏ దారిన వెళుతున్నాను అని ఒక్క మాట అడగలేదే అన్న సంగతే తొలిచింది. ముప్పై ఏళ్ళు రేషన్ కార్డు, గ్యాస్ బుక్కు, పిల్లల సర్టిఫికెట్లు ఒక్క కాగితం పోకుండా దాచినదాన్ని. నా ప్రయాణం కాగితాలు మాత్రం ఇంకొకరి పని అనుకున్నాను!

అల్లుడి డబ్బుతో ఓడా?

తిరిగొచ్చాక అమ్మాయి మళ్ళీ పిలిచింది. ఈసారి మా సారు మొండికేశారు. "ఒక్కసారి అల్లుని పైసలు నీళ్ళపాలు చేసినం. మళ్ళా ఏ మొఖం పెట్టుకొని పోదాం?" అని. నిజమే, మనవైపు కూతురి ఇంట్లో నెల రోజులు అన్నం తినడానికే మొహమాటపడతాం. అల్లుడు మంచివాడే. "అత్తమ్మా, గట్లెందుకనుకుంటున్నరు?" అన్నాడు. అయినా నా మనసు ఒప్పలేదు.

మా వీధిలో పదిమందిమి కలిసి చీటీ వేసుకుంటాం. ఎప్పుడూ ఆ డబ్బు పిల్లల ఫీజులకో, ఇంటి రిపేరుకో, తులం బంగారానికో పోయేది. ఈసారి చీటీ నా పేరు మీద ఓడకని అనుకున్నాను. ఓడ మధ్యలో కిటికీ లేని గది తీసుకుంటే, సీజన్ మొదట్లో ఒక్కొక్కరికి 800, 900 డాలర్లలో కూడా దొరుకుతుంది. డాలరు 80 రూపాయల పైమాటే కాబట్టి ఒక మనిషికి తక్కువలో తక్కువ 70, 80 వేల రూపాయలు వేసుకోవాలి. అది పెద్ద డబ్బు. రెండేళ్ళు పట్టింది. నా టికెట్ నేనే కొనుక్కున్నాను. సారు టికెట్‌కు ఆయన పెన్షన్. విమానం ఖర్చు పిల్లలది. అమ్మాయి కొంత నొచ్చుకుంది గానీ, అల్లుడు అర్థం చేసుకున్నాడు.

మీరూ చీటీ కట్టే వెళ్ళాలని కాదు. పిల్లలు ప్రేమతో పెడితే హాయిగా వెళ్ళండి. కానీ ఖర్చెంతో మీకు తెలియాలి. టికెట్‌లో గది, భోజనశాలలో మూడు పూటలా తిండి, టీ కాఫీ, మంచినీళ్ళు కలిసి ఉంటాయి. పనివాళ్ళకిచ్చే టిప్పు విడిగా మనిషికి రోజుకు 16 నుంచి 20 డాలర్ల దాకా పడుతుంది. ఇంటర్నెట్, కూల్‌డ్రింకులు, వాళ్ళు తీసే ఫొటోలు, ఊళ్ళలో తిప్పి చూపించే బస్సులు, రైళ్ళు అన్నీ వేరే. ఇవన్నీ కూడితే టికెట్ ధరలో సగానికి సగం తేలుతుంది. ముందే అడిగి రాసుకుంటే తర్వాత ఎవరికీ మనస్తాపం ఉండదు.

2024 జూన్: ఈసారి ఎక్కాం

హైదరాబాద్‌లోని వీసా కేంద్రం ద్వారా కెనడా విజిటర్ వీసాకు ముందే పెట్టుకున్నాం. ఫీజు 100 కెనడా డాలర్లు, వేలిముద్రలకు ఇంకో 85. చేతికి రావడానికి నెలలు పట్టింది. ఒకసారి వచ్చిందంటే పాస్‌పోర్టు గడువు దాకా, గరిష్ఠంగా పదేళ్ళు ఇవ్వొచ్చు. అమెరికా వీసా పలుమార్లు వెళ్ళిరాగలిగే రకమేనా అని కూడా చూసుకోవాలి. కెనడా తాకి మళ్ళీ అమెరికాలోకే కదా రావాలి!

అదే రేవు, అదే వరుస. బల్ల దగ్గర ఈసారి నా కాగితాలు నేనే తీసి పెట్టాను. ఆ అమ్మాయి చూసి తలూపి కార్డు చేతికిచ్చింది. నాకు ఆ క్షణం మంచు కొండ చూసినంత సంతోషం!

ఓడ ఎక్కగానే మొదటి పని ప్రమాదం వస్తే ఎక్కడికి చేరాలో, లైఫ్ జాకెట్ ఎలా తొడుక్కోవాలో నేర్చుకోవడం. అది అందరికీ తప్పనిసరి. కొందరు విసుక్కున్నారు. నేను మాత్రం బుద్ధిగా విన్నాను. 2012 జనవరిలో ఇటలీ ఒడ్డున కోస్టా కాంకోర్డియా అనే విహార నౌక ఒరిగిపోయి 32 మంది పోయాక, ఓడ బయలుదేరకముందే లేదా బయలుదేరగానే ఈ పాఠం జరగాలని అంతర్జాతీయ నియమం వచ్చింది. మనకైతే అంత దూరం పోనక్కర్లేదు. 2019 సెప్టెంబర్ 15న పాపికొండలకు వెళ్ళే పడవ కచ్చులూరు దగ్గర గోదావరిలో మునిగి సుమారు 50 మంది చనిపోయారు. వాళ్ళలో మన తెలంగాణ వాళ్ళు ఎందరో. అందుకే చెబుతున్నాను, పెద్ద ఓడ కానివ్వండి, సాగర్ లాంచీ కానివ్వండి, జాకెట్ అడిగి తొడుక్కోండి. బరువనో, చీరకు నప్పదనో పక్కన పెట్టకండి.

రెండో రోజంతా సముద్రమే. సియాటిల్ ఓడలు వాంకోవర్ దీవికి బయటి వైపు నుంచి, తెరిచిన మహాసముద్రంలో వెళతాయి కనుక ఆ రోజు కాస్త ఊగుతుంది. తల తిరిగే వాళ్ళు కింది అంతస్తుల్లో, ఓడ నడుమ ఉన్న గది అడగండి. అక్కడ ఊపు తక్కువ. కడుపు ఖాళీగా ఉంచకండి. అల్లం చప్పరించండి. మాత్రలు వాడాలంటే ఇక్కడే డాక్టరును అడిగి తెచ్చుకోండి, బీపీ, షుగర్ మందులతో కలిపి వేసుకోవచ్చో లేదో తెలుసుకోవాలి కదా. దీవుల మధ్యకు చేరాక నీళ్ళు చెరువులా నిలకడగా ఉంటాయి. మా సారు అక్కడ కండ్లు తెరిచారు!

ఒక తమాషా చెప్పనా? మొదటి రోజు పొద్దున అలవాటుగా పక్క సర్ది, దుప్పటి మడిచి, స్నానాల గది తుడిచాను. గది ఊడ్చే అబ్బాయి వచ్చి చూసి, చేతులు జోడించి, "అమ్మా, ఇది నా పని" అన్నాడు ఇంగ్లీషులో. ఏడు రోజులు నేను ఒక్క గిన్నె తోమలేదు. మూడో రోజుకు గానీ చేతులకు ఏ పనీ లేకపోవడం అలవాటు కాలేదు. "పొద్దున లేవంగనే ఏం వండాల" అన్న ఆలోచన లేని రోజు నా పెళ్ళయ్యాక అదే మొదటిది.

మూడు ఊళ్ళు, మూడు ముచ్చట్లు

*జూనో.* సుమారు 32 వేల మంది ఉన్న ఊరు. 2023లో ఓడల్లో వచ్చిన వాళ్ళు 16 లక్షలకు పైనే! ఆ ఊరి వాళ్ళు ఉక్కిరిబిక్కిరై, రోజుకు అయిదు పెద్ద ఓడలకు మించి రాకూడదని ఓడల కంపెనీలతో ఒప్పందం చేసుకున్నారు. అది 2024 నుంచి అమలైంది. మన ఊరి జాతరకు వచ్చిన జనం రోజూ వస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి. అందుకని అక్కడ గుంపుగా రోడ్డుకడ్డం నిలబడడం, ఇళ్ళలోకి తొంగి చూడడం చేయకండి. ఊరికి 12 మైళ్ళ దూరంలో మెండెన్‌హాల్ హిమానీనదం ఉంది. హిమానీనదమంటే మంచు గడ్డకట్టి నదిలా కొండల మీంచి మెల్లగా జారేది. 1962లో దాన్ని చూడ్డానికి ఒక కేంద్రం కట్టినప్పటి నుంచి ఇప్పటికి అది మైలు దూరానికి పైగా వెనక్కి కరిగిపోయింది. దాని పక్కన పైనెక్కడో నిలిచిన కరిగిన నీరు ఒక్కసారిగా తెగి, 2023, 2024 ఆగస్టు నెలల్లో ఊళ్ళోని ఇళ్ళను ముంచింది. మనం చల్లగా ఉందని మురిసే చోట వాళ్ళకు వేడెక్కుతోందని దిగులు.

*స్కాగ్వే.* పన్నెండు వందల మంది ఊరు. 1897, 98లో కెనడాలోని క్లాండైక్‌లో బంగారం దొరికిందని వేలమంది ఈ ఊళ్ళోనే దిగి కొండెక్కారు. ఏడాదికి సరిపడా సరుకులు లేనిదే కెనడా పోలీసులు లోపలికి రానిచ్చేవారు కారు. మనిషికి సుమారు 900 కిలోలు! ఎండాకాలంలో ఏడాదికి సరిపడా పప్పులు, కారం, పచ్చళ్ళు ఎత్తిపెట్టే మనకు ఆ లెక్క వెంటనే అర్థమవుతుంది. 1897లో హ్యారియెట్ పుల్లెన్ అనే ఆవిడ పిల్లల్ని వదిలి, చేతిలో ఏడు డాలర్లతో ఇక్కడ దిగిందట. డేరాలో వంటమనిషిగా చేరింది. పాత రేకు డబ్బాలు సుత్తితో కొట్టి పళ్ళాలు చేసి, ఎండు ఆపిల్ ముక్కలతో పైలు కాల్చి అమ్మింది. బంగారానికి పోయిన వాళ్ళలో చాలామంది ఉత్త చేతులతో తిరిగొచ్చారు. ఆమె మాత్రం గుర్రాలతో సరుకు రవాణా చేసి, తర్వాత పెద్ద హోటలే పెట్టింది. వంట వచ్చిన చేయి ఎక్కడైనా నిలబెడుతుంది సుమా! అక్కడ 1898లో మొదలుపెట్టి 1900లో పూర్తిచేసిన చిన్నగేజి రైలు 20 మైళ్ళలో దాదాపు మూడు వేల అడుగులు ఎక్కుతుంది. టికెట్ ఖరీదే, కానీ మోకాళ్ళ నొప్పుల వాళ్ళకు కూర్చున్న చోటి నుంచే కొండలన్నీ కనిపిస్తాయి.

*కెచికాన్.* ఏడాదికి 3,500 మిల్లీమీటర్లకు పైగా వాన కురిసే ఊరు. మన నల్గొండ జిల్లాలో ఏడాది మొత్తం కురిసేదానికి అయిదింతలు దగ్గర. గొడుగు కంటే తల కప్పే వానకోటు మేలు. అక్కడి ఆదివాసులు ట్లింగిట్ జనం. దేవదారు మాను నిలబెట్టి, దాని మీద కాకి, గద్ద, ఎలుగు బొమ్మలు చెక్కి తమ వంశం కథ చెబుతారు. మాకు చూపించిన ట్లింగిట్ ఆవిడ నా వయసుదే ఉంటుంది. "మాలో వంశం తల్లి నుంచి వస్తుంది. కాకి వంశం వాళ్ళు గద్ద వంశంలోనే పెళ్ళాడాలి, పిల్లలు తల్లి వంశమే" అంది. మన గోత్రాల లాంటిదే, కానీ తల్లి వైపు నుంచి! పెళ్ళితో నా ఇంటిపేరూ గోత్రమూ రెండూ మారిపోయాయని అమ్మాయి చేత చెప్పిస్తే, ఆవిడ ఆశ్చర్యంగా, "మరి మీ అమ్మ పేరు ఎవరు నిలుపుతారు?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. మీ దగ్గర ఉందా? వాళ్ళ భాషలో ధన్యవాదాలకు "గునల్‌చీష్" అంటారు. అదొక్కటి నేర్చుకుని చెప్పి వచ్చాను.

కొనుగోళ్ళ మాట. ఓడలో సిఫారసు చేసే నగల దుకాణాల్లో చాలా వాటికి ప్రచారం కోసం డబ్బు కట్టిన వాళ్ళే ఉంటారు. బంగారం మన దేవరకొండ బజార్లోనే కొనుక్కోవచ్చు. అక్కడి ఆదివాసుల చేతిపని కొనాలంటే వెండి చెయ్యి గుర్తున్న చీటీ ఉందో లేదో చూడండి. అలాస్కా ఆదివాసులు చేసినదేనని చెప్పడానికి ప్రభుత్వం ఇచ్చే గుర్తు అది.

మంచు నది ముందు

అయిదో రోజు గ్లేసియర్ బే. ఇక్కడ దిగడం ఉండదు. రోజుకు రెండు పెద్ద ఓడలనే లోపలికి రానిస్తారు. సుమారు 1750లో ఈ అఖాతమంతా మంచుతో నిండి ఉండేదట. తర్వాత 65 మైళ్ళ దూరం వెనక్కి కరిగి, సముద్రానికి చోటిచ్చింది. పార్కు ఉద్యోగులు ఓడ ఎక్కి మైకులో ఇవన్నీ చెబుతారు.

ఓడ ఇంజన్ దాదాపు ఆపేసి, నీలం మంచు గోడ ముందు నిలిచింది. వేల మంది డెక్కు మీదికొచ్చారు. ఒక్క మాట లేదు. ఉన్నట్టుండి ఉరిమినట్లు చప్పుడు! గోడ లోంచి ఇల్లంత ముక్క విరిగి నీళ్ళలో పడింది. అల మా దాకా వచ్చింది.

నాకెందుకో బిందెలు గుర్తొచ్చాయి. కాపురానికొచ్చిన కొత్తలో బోరింగు దగ్గర వరుసలో పెట్టిన బిందెలు. ఆ ఫ్లోరైడు నీళ్ళు తాగే మర్రిగూడ, నాంపల్లి వైపు మా చుట్టాల ఆడవాళ్ళు నడివయసుకే నడుములు వంగిపోయారు. మా అక్కయ్య మోకాళ్ళు పట్టేసి గడప దాటడమే మానేసింది. ఒక బిందె మంచినీళ్ళ కోసం బతుకంతా నడిచిన వాళ్ళం మేము. ఇక్కడ వందల ఏళ్ళ మంచినీళ్ళు కొండలా నిలబడి, చూస్తూండగానే ఉప్పు సముద్రంలో కలిసిపోతున్నాయి. మా సారు నెమ్మదిగా, "మీ అక్కను గూడ తేవాల్సింది" అన్నారు. ఆయనకూ బిందెలే గుర్తొచ్చాయేమో.

అక్కయ్యను ఇప్పుడు తేలేం. అందుకే మీకు చెబుతున్నాను. వెళ్ళాలని ఉంటే మోకాళ్ళు సహకరించినప్పుడే వెళ్ళండి. నడవలేని వాళ్ళకు ఓడ ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ చక్రాల కుర్చీ ఇస్తారు, టికెట్ తీసేటప్పుడే అడగాలి. అడగడానికి సిగ్గుపడకండి. మనవరాలిని చూసుకోవడానికి వెళ్ళినా, ఆ ఏడు రోజులు మాత్రం మీరూ ప్రయాణీకులే. పిల్లతో గదిలో కూర్చుండిపోకుండా, ఒక పూట మీరు, ఒక పూట అమ్మాయి అని వంతులు వేసుకోండి.

సర్దుకునే ముందు ఒకసారి చూసుకోండి

1. పాస్‌పోర్టుకు కనీసం ఆరు నెలల గడువు, అమెరికా వీసా, కెనడా వీసా. మూడూ మీ చేతి సంచిలోనే. జిరాక్సులు పెట్టెలో.

2. మే, జూన్ నెలల్లో వానలు తక్కువ, ధరలూ కొంత తక్కువ. జూలై, ఆగస్టుల్లో కాస్త వెచ్చన, ధరలు ఎక్కువ. సెప్టెంబరులో వానలు.

3. వేసవిలో కూడా పగలు 10 నుంచి 18 డిగ్రీలే. ఒక్క మందపాటి కోటు కంటే పొరలు పొరలుగా బనీను, స్వెట్టరు, వానకోటు మేలు. చీర మీద స్వెట్టరు వేసి మేజోళ్ళతో చెప్పులు తొడిగితే డెక్కు మీద జారతారు. పంజాబీ డ్రెస్సు, పట్టున్న బూట్లు తీసుకోండి. ఎవరూ నవ్వరు.

4. రైస్ కుక్కర్, ఇస్త్రీ పెట్టె, విద్యుత్ కెటిల్ ఓడలో ఒప్పుకోరు. కొవ్వొత్తులు, అగరుబత్తులు కూడా వెలిగించకూడదు. జూన్‌లో అక్కడ రాత్రి పది దాకా వెలుతురే. "దీపం పెట్టే వేళ ఎప్పుడయితది?" అని నేను కిటికీ ఉన్న చోటల్లా చూశాను! మనసులోనే దండం పెట్టుకున్నాను.

5. ఇంట్లో చేసిన తినుబండారాలు తేనివ్వకపోవచ్చు. కొట్లో సీలు వేసిన కారప్పొడి, పచ్చడి పొట్లాలు సాధారణంగా ఫరవాలేదు. శాకాహారం కావాలన్నా, శనివారం నియమం ఉన్నా టికెట్ తీసేటప్పుడే రాయించండి. రాత్రి భోజనశాలలో పెద్ద వడ్డనవారితో చెబితే మర్నాటికి పప్పు, అన్నం, కూర చేయించి పెట్టే ఓడలు చాలా ఉన్నాయి.

6. రోజూ వేసుకునే మందులు, వాటి చీటీ చేతి సంచిలో. ప్రయాణ బీమా తప్పనిసరిగా తీసుకోండి. నడిసముద్రం నుంచి ఆసుపత్రికి తరలించాల్సి వస్తే ఆ ఖర్చు మనం తట్టుకోలేం.

7. ఓడల్లో వాంతులు, విరేచనాల అంటువ్యాధి త్వరగా పాకుతుంది. భోజనానికి ముందు సబ్బుతో చేతులు కడగండి. ఆ క్రిమికి చేతికి రాసుకునే మందు ద్రవం సరిపోదు.

పిల్లలు విదేశాల్లో లేని వాళ్ళు నిరుత్సాహపడకండి. ఓడ అంటే అలాస్కాయే కానక్కర్లేదు. నాగార్జునసాగర్‌లో నీళ్ళు నిండుగా ఉన్నప్పుడు లాంచీ ఎక్కి నాగార్జునకొండ దీవికి వెళ్ళి రండి. ప్రాజెక్టు నీళ్ళలో మునిగిపోతుందని తవ్వి తీసిన ఇక్ష్వాకుల నాటి శిల్పాలను అక్కడి మ్యూజియంలో చూడవచ్చు. దేవరకొండ నుంచి పొద్దున బయలుదేరితే రాత్రి అన్నానికి ఇంట్లో ఉంటారు. మన పక్కనే ఉన్నా ఎంతమంది చూశాం చెప్పండి?

ఇప్పుడు మా ఇంట్లో బీరువా కింది అరలో ఒక ఆకుపచ్చ ఫైలు ఉంది. పైన నా పేరు రాసి పెట్టుకున్నాను. నా పాస్‌పోర్టు, నా వీసాలు, నా బీమా, నా మందుల చీటీ అన్నీ అందులోనే. సారు దాన్ని చూసి, "నా కాగితాలు గూడ దాంట్లనే పెట్టరాదూ?" అన్నారు. పెట్టాను. కానీ ఫైలు మీద పేరు మాత్రం మార్చలేదు!

ఈ వారం మీరూ ఒక ఫైలు కొనండి. వెళ్ళడం తర్వాత చూద్దాం. మీ ప్రయాణం కబుర్లుంటే నాకు రాయండి. వచ్చే వారం మళ్ళీ కలుద్దాం.